మూడు చుక్కల సత్తు తపేలా

నేను ఒక సత్తు తపేలాను. అంతకుముందు విమానాన్ని.

నవ్వకండి. అటక మీద నా పక్కనే ఉండే కంచు చెంబు కూడా ఇలాగే నవ్వేది. యుద్ధం రోజుల్లో సముద్రం మీదుగా బర్మా దాకా ఎగిరి, తిరిగొస్తూ ఎవరి చెరుకుతోటలోనో కూలబడిన విమానం ఒకటుండేది. దాని ఎడమ రెక్క చివరి ముక్కను నేను. రంగూను పట్నాన్ని పైనుంచి చూశాను. అక్కడ ఒక బంగారు గోపురం ఉంది. అది ఎంత మెరుస్తుందంటే, దాని మీదుగా వెళ్ళే కొంగలు కళ్ళు మూసుకుని ఎగిరేవి. రెండు మూడు వచ్చి నా రెక్కకే గుద్దుకున్నాయి. పాపం.

విమానం కూలాక జనం దాన్ని ముక్కలు చేసి పంచుకున్నారు. మనుషుల తీరే వేరు. ఒకరినొకరు చంపుకోవడానికి అంత శ్రద్ధగా నన్ను తయారు చేశారు. తర్వాత ఆ సంగతే మరిచిపోయి, నన్ను కరిగించి, రేకు తీసి, సుత్తులతో కొట్టి పప్పు వండుకునే తపేలాగా మార్చారు. ఆ సుత్తి దెబ్బలకి నా నడుం వంగింది, కడుపు వచ్చింది. అడుగున విమానం నంబరు మాత్రం చెరగలేదు. కరిగించాక నంబరెలా మిగిలిందని అడక్కండి. మిగిలింది, అంతే.

నన్ను కొన్నది నూకాలమ్మ. విశాఖపట్నం రేవు వెనకాల ఇసకదిబ్బల పక్కన చిన్న పేట ఉండేది. అక్కడ తాటాకుల ఇల్లు ఆవిడది. మొగుడు పెంటయ్య ఓడల దగ్గర బస్తాలు మోసేవాడు. మాట తక్కువ మనిషి. ఇంట్లో మాటలన్నీ పెళ్ళాం ఆడేస్తుంటే అతనికి మిగలక అలా అయ్యాడని నా అనుమానం. గిన్నె మీద పేరు చెక్కుతానన్నాడు కొట్టువాడు. చదువురానిదానికి పేరెందుకు, గుర్తుంటే చాలంది నూకాలమ్మ. అంచు కింద మూడు చుక్కలు కొట్టించుకుంది. అప్పట్నుంచీ నేను మూడు చుక్కల తపేలాను.

నూకాలమ్మ పని ఎరువు చేపలు. వలల్లో పెద్ద చేపలతో పాటు వేలెడు సన్న చేపలు కూడా బోలెడు పడేవి. వాటిని కొనేవాళ్ళు లేక జాలరి పల్లెవాళ్ళు ఒడ్డునే కుప్ప పోసేవాళ్ళు. నూకాలమ్మ వాటిని కారుచౌకగా గంపలకెత్తుకుని, ఇసకలో ఆరబెట్టి, కొబ్బరితోటల వాళ్ళకి ఎరువుగా అమ్మేది. ఆ ఎరువు తిన్న కొబ్బరిచెట్లు ఎంత ఏపుగా పెరిగేవంటే, కాయ కోయడానికి పొద్దున ఎక్కినవాడు మధ్యాహ్నం చద్దన్నం చెట్టుమీదే తిని దిగేవాడు. అంత బలం ఆ చేపల్లో. అయినా వాటిని ఇంటికి తెచ్చి వండుకోవాలని నూకాలమ్మకి ఏనాడూ తోచలేదు. అది ఎరువు. ఎరువు ఎవరైనా తింటారా?

ఇంట్లో నా పని చోడి అంబలి (రాగుల్ని మావైపు చోళ్ళంటారు) కాయడం, ఎప్పుడైనా పప్పు ఉడకబెట్టడం, పొద్దున్నే పాలు పట్టడం. ఆ పాలు వాళ్ళ ఒక్కగానొక్క కూతురు బంగారి కోసం. బంగారి అప్పుడప్పుడే నడక నేర్చింది. రెండడుగులు వేసి, చప్పట్లు కొట్టుకుని, మూడో అడుగుకి కూలబడేది.

ఆ రోజుల్లోనే బర్మా ఓడలు వచ్చాయి.

ఎప్పుడో తాతలనాడు మన శ్రీకాకుళం, విశాఖ ఊళ్ళనుంచి పొట్ట చేతపట్టుకుని రంగూను వెళ్ళినవాళ్ళ పిల్లలూ మనవలూ వాళ్ళు. అక్కడి సర్కారు వాళ్ళని ఇక ఉండనివ్వలేదు. కట్టుబట్టలతో ఓడెక్కించారు. రేవులో దిగి, ఎండకి కళ్ళు చిట్లించుకుని, ఇదేనా మన దేశం అన్నట్టు చూశారు. ఇసకదిబ్బల మీద రేకుల షెడ్లు వేసి వాళ్ళని అందులో ఉంచారు. బియ్యం, కొద్దిగా శనగలు ఇచ్చేవారు. చిన్నపిల్లలు బియ్యం నమిలి పెరుగుతారా? పాలు కావాలి, గుడ్లు కావాలి, కూర కావాలి. వాళ్ళకీ కావాలి, పేటవాళ్ళకీ కావాలి. ఉన్న గేదెలు అవే, కోళ్ళు అవే.

దాంతో ధరలు లేచాయి. గుడ్డు పండగనాటి వస్తువైంది. పాల సన్యాసి గేదెలు ఒక్కటీ కొత్తగా ఈనలేదు. పాలు మాత్రం అడిగినవాళ్ళందరికీ చాలాయి. ఆ పాలు ఎంత పలచగా ఉండేవంటే, నాలో నిండుగా పోశాక కూడా అడుగున విమానం నంబరు చదువుకోవచ్చు.

కుళాయి దగ్గర ఆడవాళ్ళందరిదీ ఒకటే మాట, ఈ బర్మావాళ్ళు వచ్చి మన పిల్లల నోటికాడ కూడు లాక్కున్నారని. అందరికంటే పెద్ద గొంతు నూకాలమ్మది. ఆ గొంతుకి రేవులో ఓడలు తమనే పిలుస్తున్నారనుకుని ఈలలు వేసేవి.

ఆవిడ బాధ ఉత్తి బాధ కాదు. పాలు పోయించుకోవడం మానేశారు. పప్పు వారానికోసారైంది. బంగారి రోజూ అంబలి నీళ్ళే తాగింది. పొట్ట ముందుకొచ్చింది, కాళ్ళు పుల్లలయ్యాయి, నల్లటి జుట్టు తుప్పురంగుకి తిరిగింది. ఒకరోజు నడవడం మానేసింది. నడక నేర్చిన పిల్ల మళ్ళీ కూచుంది. లేపి నిలబెడితే మెత్తని గుడ్డలా జారిపోయేది. నూకాలమ్మ పిల్లని చంకనేసుకుని ధర్మాసుపత్రికి వెళ్ళింది. రోగం ఏమీ లేదు, పాలు, గుడ్లు, చేపలు బాగా పెట్టమన్నాడట కాంపౌండరు. ఆయన్ని తిట్టుకుంటూ తిరిగొచ్చింది. ఆ రాత్రి అన్నం మెతుకు ముట్టలేదు. పెంటయ్య తన గిన్నెలో అన్నం సగం పిల్లకి తోసి, చెయ్యి కడుక్కున్నాడు.

తర్వాత పెద్ద వాన పట్టింది. షెడ్లలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి, పొయ్యిలు మునిగాయి. ఆ వానలో నూకాలమ్మ గుమ్మంలోకి ఒక బర్మా ఆడమనిషి వచ్చి నిలబడింది. పేరు అసిరమ్మ. మొగుడు ఓడ కోసం ఎదురుచూస్తూ రంగూనులోనే జ్వరంతో పోయాడు. చంకలో బంగారి ఈడు కొడుకు, సూరిగాడు. వాడి కాళ్ళు కూడా పుల్లలే. పిల్లాడికి కాస్త గంజి ఉంటే పొయ్యమంది.

నూకాలమ్మ మీ మూలంగానే కదా అని మొదలుపెట్టి చాలాసేపు తిట్టింది. తిడుతూనే వార్చిన గంజి నాలో పోసింది. తిడుతూనే ఉప్పు వేసింది. తిడుతూనే అడుగునున్న అన్నం నాలుగు గరిటెలు తీసి అందులో కలిపింది. ఆవిడ నోరూ చెయ్యీ ఒకదానికొకటి తెలియనట్టు పనిచేసేవి. ఆఖర్న, గిన్నె రేపు తెచ్చిమ్మని చెప్పి తలుపేసుకుంది.

అలా నేను బర్మావాళ్ళ షెడ్డుకి వెళ్ళాను. అసిరమ్మ నా అడుగున నంబరు చూసి, మా ఇంటిమీదుగా ఎగిరింది నువ్వే కదూ అని గుర్తుపడుతుందేమోనని మొదట ఆశపడ్డాను. తర్వాత, అప్పుడు నేను కింద ఏం పడేశానో గుర్తొచ్చి, గుర్తుపట్టకపోవడమే మేలనుకున్నాను.

మర్నాడు అసిరమ్మ నన్ను బూడిదతో తోమి, ఇసకతో తోమి, తళతళలాడించింది. చేత్తో పట్టుకుని నాలుగడుగులు వేసింది. నాలోకి చూసింది. ఆగింది. వెనక్కి వచ్చి మూల పెట్టేసింది. ఆ మర్నాడు మళ్ళీ అంతే. ఆ పై రోజూ అంతే. రోజూ తోముతుంది, బయల్దేరుతుంది, నాలోకి చూస్తుంది, తిరిగొస్తుంది. నా ఒళ్ళు అరిగి పలచబడుతోంది గానీ నేను ఇల్లు చేరడం లేదు.

కారణం నాకు త్వరగానే తెలిసింది. ఇచ్చిన గిన్నెని ఉత్తగా తిరిగివ్వకూడదు. పిడికెడు గింజలో, బెల్లంముక్కో, ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. అసిరమ్మకి వాళ్ళ మామ్మ నేర్పిన మర్యాద అది. వేయడానికి ఆ షెడ్డులో ఏముంది? ఇచ్చే బియ్యం వాళ్ళ రెండు నోళ్ళకే చాలదు.

అవతల పేటలో నూకాలమ్మ గొంతు నాకు ఇక్కడికే వినబడేది. బర్మాది తన గిన్నె కాజేసిందని కుళాయి దగ్గర చెప్పింది, రేవులో చెప్పింది, ఆగి విన్న ఆవుకి కూడా చెప్పింది. విచిత్రం ఏమిటంటే, నూకాలమ్మ కూడా పొరుగింటి గిన్నెని ఏనాడూ ఉత్తగా తిరిగివ్వలేదు. అదే మర్యాద, ఆవిడకీ వాళ్ళ మామ్మే నేర్పింది. ఓడ దిగినవాళ్ళకి కూడా మామ్మలుంటారని ఆవిడకి తోచలేదు. నేనా నోరులేని సత్తుని. మధ్యలో నలిగిపోయాను.

ఒక ఉదయం అసిరమ్మ సూరిగాడిని ఎత్తుకుని ఒడ్డుకి వెళ్ళింది. నూకాలమ్మ గంపలు మోసుకెళ్ళిన దారిలో సన్న చేపలు జారిపడి ఉన్నాయి. వాటిని చూసి అసిరమ్మ నిలబడిపోయింది. మొహం మీద దీపం పెట్టినట్టయింది. పచ్చిగా మెరుస్తున్నవి ఏరి కొంగులో పోసుకుంది. వస్తూ వస్తూ ఎవరింటి పెళ్ళిపందిరికో కట్టి పారేసిన అరటిచెట్టు మొదలు ఒకటి ఈడ్చుకొచ్చింది. లోపలి తెల్లని దూట తీసి, పీచు లాగి, చక్రాలుగా తరిగింది. దాచిన శనగలు వేయించి రాతిమీద పొడి చేసింది. చేపల్ని ముళ్ళు మెత్తబడేదాకా నాలో ఉడికించి, మెదిపి, గుడ్డలో వడకట్టి, ఆ రసంలో దూట, శనగపొడి, ఉప్పు, పసుపు వేసి మళ్ళీ పొయ్యిమీద పెట్టింది. ఆ వాసన ఎంత దూరం పోయిందంటే, రేవులో లంగరెత్తిన ఓడ ఒకటి మళ్ళీ లంగరు దింపింది. సూరిగాడు ఉడికేదాకా ఆగలేక నా చుట్టూ పాకి పాకి పొయ్యి మసంతా పూసుకున్నాడు.

వాడికి కడుపునిండా పోసి, మిగతాది నాలోనే ఉంచి, ఆకు మూతేసి, అసిరమ్మ నన్ను రెండు చేతులా పట్టుకుని బయల్దేరింది. ఈసారి నాలోకి చూడలేదు. తల ఎత్తుకుని నడిచింది.

నూకాలమ్మ గుమ్మంలో కూచుని బంగారికి అంబలి పడుతోంది. చూడగానే లేచింది.

"రండమ్మా, రండి. దొంగసొత్తు పట్టుకుని దొరసానిలాగ ఎలగొచ్చిందో సూడండి."

చుట్టుపక్కల గుమ్మాల్లోకి మొహాలు వచ్చాయి. అసిరమ్మ నన్ను గడప ముందు దింపింది.

"గిన్నె తేనేదని కోపం వత్తాది వొదినా. రాదేటి? ఉత్త గిన్నె ఎలగ తెమ్మంటావు? మా మామ్మ ఒప్పుకుంటాదా?"

"మీ మామ్మెవుర్తి?"

"టెక్కలి కాడ పల్లె మా మామ్మది. ఓడెక్కినపుడు ఊరొగ్గీసింది గానీ, ఈ బుద్ధి ఒగ్గనేదు. మాకూ అదే నేర్పింది."

నూకాలమ్మ నోరు తెరిచింది. మూసింది. ఆవిడ పుట్టాక మాట దొరక్కపోవడం అదే మొదటిసారి. కుళాయి దగ్గర తాను ఆడిన మాటలన్నీ మొహంలో తిరిగినట్టున్నాయి. ఓటమి ఒప్పుకోవడం ఇష్టంలేక ఆకు మూత తీసింది.

"ఏటిది?"

"సేపల రసం. పొద్దున్నే పిల్లలకి పోత్తాం అక్కడ."

"ఏ సేపలు?"

"నువ్వు ఎండేత్తావు సూడు, అవే. దార్లో రాలినవి ఏరినాను."

నూకాలమ్మకి పోయిన గొంతు తిరిగొచ్చింది. "ఎరువా? నా బంగారి గుంటకి ఎరువు తెచ్చినావా?"

అసిరమ్మ కోప్పడలేదు. దూరంగా తలలూపుతున్న కొబ్బరిచెట్లకేసి చూపించింది.

"సెట్టుకి పెడితే అంతెత్తు నెగిసి కాయ కాత్తంది కదా వొదినా. గుంటకి పెడితే నెగదేటి?"

అని వెళ్ళిపోయింది.

నూకాలమ్మ నన్నెత్తి కుక్కలకి పోద్దామని అరుగు చివర పెట్టింది. చేపలు ఆరేసే పని గుర్తొచ్చి పెరట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి, రోజుల తరబడి పెట్టినచోటే కూచుంటున్న బంగారి అరుగంతా దేక్కుంటూ వచ్చి, మోచేతిదాకా నాలో పెట్టి, దూటముక్క తీసి చీకుతోంది. గడ్డం మీదుగా రసం కారుతోంది. నూకాలమ్మ చెయ్యి లాగబోయింది. పిల్ల నా అంచు వదల్లేదు. నేనూ ఆ పిల్లకేసి ఒరిగిపోయాను. గాలికి ఒరిగానని నూకాలమ్మ అనుకుంది. ఆరోజు గాలి లేదు.

తల్లి లాగడం మానింది. తర్వాత వేలు ముంచి తానూ నాకి చూసింది. మళ్ళీ ముంచింది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకుని, చేత్తో మిగతాదంతా పట్టింది.

మర్నాడు పొద్దున్నే నన్ను పచ్చి సన్న చేపలతో నింపి, నెత్తిన పెట్టుకుని షెడ్డుకి వెళ్ళింది. క్షమించమని అడుగుతుందనుకున్నాను. నూకాలమ్మకి ఆ మాట నోట్లో పట్టదు. నన్ను అసిరమ్మ ముందు ఠంగున దింపింది.

"ఇది నా గిన్నె. తెలుసుగా. సందేళకి తిరిగిచ్చీవాల." గొంతు తగ్గించింది. "ఉత్తది తెచ్చినావంటే ఊరుకోను."

అసిరమ్మ నవ్వింది. రేవు దిగాక ఆవిడ నవ్వడం నేను అప్పుడే చూశాను.

అప్పట్నుంచీ పొద్దున చేపలతో నేను ఇటు, సాయంత్రం రసంతో అటు. ముందు పక్కింటి ఆవిడ వాసన పట్టి తన గిన్నె కూడా పంపింది. దూట కోసం ఒకావిడ పెరటి అరటి నరికించింది. ఇంకొకావిడ గుప్పెడు చోడిపిండి పంపి ఇది కూడా కలిపి చూడమంది. కలిపితే ఇంకా చిక్కబడింది. కొన్నాళ్ళకి షెడ్డు ముందు సత్తువి, ఇత్తడివి, మట్టివి గిన్నెలు బారు తీరాయి. మాలో మాకు పెద్ద పోట్లాట, ముందు ఎవరు పొయ్యెక్కాలని. పాతకాపుని గనక నన్నే ముందు పెట్టేవారు. ఆ గిన్నెల్లో ఏది పేట పిల్లలదో, ఏది బర్మా పిల్లలదో రుచి చూసి చెప్పడం ఎవరివల్లా కాలేదు.

ఒక్క ముద్దతో పిల్లలంతా పహిల్వాన్లయిపోయారని చెబుతాననుకుంటున్నారు కదూ? చెప్పాలనే ఉంది. కానీ బంగారి విషయంలో మాత్రం నేను కోతలు కొయ్యను. వానలు వెళ్ళాయి, చలి వచ్చింది. ముందు పిల్ల పొట్ట తగ్గింది. తర్వాత ఏడుపులో బలం వచ్చింది, అచ్చం తల్లి గొంతే. జుట్టు కుదుళ్ళలో నలుపు కనబడింది. కాళ్ళు మాత్రం ఇంకా పుల్లల్లాగే ఉండేవి. నూకాలమ్మ రోజూ ఆ పిక్కలు పట్టుకుని చూసుకునేది.

ఒకరోజు చేపలు గంపలో పంపి, నన్ను తోమి, ఎండలో బోర్లించి వెళ్ళింది. బంగారి నా దగ్గరికి దేక్కుంటూ వచ్చింది. నా వీపుమీద రెండు చేతులూ ఆన్చింది. మోకాళ్ళు లేపింది. వణికింది. నేను ఊపిరి బిగబట్టాను. నిలబడింది. నిలబడి నన్ను ముందుకి తోసింది. నేను నేలమీద కరకరమని జరిగాను. తను ఒక అడుగేసింది. మళ్ళీ తోసింది, మళ్ళీ అడుగేసింది. ఆ చప్పుడుకి నూకాలమ్మ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, గుమ్మంలోనే చతికిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అరుగు ఈ చివరనుంచి ఆ చివరికి వెళ్ళాం ఇద్దరం. సముద్రాలు దాటి ఎగిరినదాన్ని చెబుతున్నాను, నా జన్మలో అంత గొప్ప ప్రయాణం ఇంకోటి లేదు.

ఆ సాయంత్రం రసం కోసం అసిరమ్మ దగ్గరికి నన్ను తీసుకెళ్ళింది పెంటయ్య. ఓ పక్క నేను, ఇంకో పక్క వేలు పట్టుకుని బంగారి. అసిరమ్మ పిల్ల కాళ్ళకేసి చూసింది. పెంటయ్య గొంతు సవరించుకుని, "సెట్టులాగ నెగిసిందమ్మా," అన్నాడు. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళలో అతను అంత పొడుగు మాట ఆడింది లేదు. పక్కనే రేకు పట్టుకుని నిలబడిన సూరిగాడు కూడా పోటీకి రెండడుగులు వేసి బంగారి మీద పడ్డాడు.

ధరలు దిగాయా అంటే, అంతగా లేదు. పాల సన్యాసి పాలు చిక్కబడలేదు. ఎరువు చేపలకి గిరాకీ వచ్చిందని తెలిసి పల్లెవాళ్ళు కాస్త రేటు పెంచారు కూడా. అయినా అవి పేదవాళ్ళ చేతికి అందే చేపలే. కొబ్బరితోట కామందు మాత్రం ఎరువు లేక తన చెట్లు చిక్కిపోతున్నాయని ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. నూకాలమ్మ కుళాయి దగ్గర అరవడం మానలేదు. బర్మావాళ్ళ మీద మానేసి సన్యాసి మీద మొదలుపెట్టింది. పక్కన అసిరమ్మ కూడా గొంతు కలిపేది. రెండు గొంతులూ కలిసినప్పుడు సన్యాసి గేదెలు పాలు తామే చేపేవని చెప్పుకునేవారు. నిజం ఎంతో నాకు తెలీదు. నేను అక్కడ లేను.

చాలా ఏళ్ళు గడిచాయి. నా అడుగు అరిగిపోయింది. మాట్లు వేసినచోట మళ్ళీ మాట్లు పడ్డాయి. ఆఖరికి విమానం నంబరు ఉన్నచోటే పెద్ద చిల్లి పడింది. ఆ నంబరు చూపించి నా మాట నిజమని రుజువు చేద్దామంటే ఇక లేదు. కంచు చెంబు అదృష్టం.

నూకాలమ్మ పోయాక బంగారి ఇల్లు సర్దింది. ఆ పిక్కలిప్పుడు గుమ్మటాల్లా ఉన్నాయి. మెట్ల కింద తోపుడుబండి మీద పాత సామాన్లకి ఖర్జూరం ఇచ్చేవాడు కేకేశాడు. నన్ను చేతిలోకి తీసుకుని, మూడు చుక్కల్నీ బొటనవేలితో ఒకసారి తడిమింది. మనవడు ఖర్జూరం కావాలని గంతులేస్తున్నాడు. సరేనని దిగబోతూ ఆగింది. వంటింట్లోకి వెళ్ళి, చిల్లిమీద ఆకు పరిచి, నాలో దోసెడు చోళ్ళు పోసింది. బండివాడు విస్తుపోయి ఇదేమిటన్నాడు.

"ఉత్త గిన్నె ఇయ్యం బాబూ. మా ఇళ్ళల్లో నేదు," అంది.

ఇప్పుడు నేను పాతసామాన్ల కుప్పలో ఉన్నాను. చుట్టూ చొట్టల బకెట్లు, విరిగిన ఫ్యాన్లు. కుప్ప కాపలాకి ఈమధ్యే ఒక సంసారం వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఏదో గొడవలై పారిపోయి వచ్చారట. భాష వేరు, నాకు ముక్క అర్థం కాదు. ఆ ఆడమనిషి చంకలో ఒక పిల్ల ఉంది, పుల్లల్లాంటి కాళ్ళు. నిన్న కుప్ప సర్దుతూ నన్నెత్తి, లోపలికి చూసి, ఆగింది. చోళ్ళు చేతిలోకి పోసుకుని నలిపి, వాసన చూసి నవ్వింది. ధాన్యానికి భాష అక్కర్లేదు కాబోలు. కొంగులో మూటకట్టుకుంది. ఈ పొద్దున ఆవిడ పొయ్యిమీదనుంచి అంబలి వాసన వచ్చింది. పిల్ల గిన్నె నాకుతున్న చప్పుడు వినబడింది.

రేపో ఎల్లుండో నన్ను కొలిమికి పంపుతారు. ఈసారి ఏమవుతానో తెలీదు. విమానం చేస్తామంటే మాత్రం వద్దంటాను, అది చూసేశాను. పెద్ద తపేలా కాకపోయినా ఫరవాలేదు. చిన్న గిన్నె చాలు. ఆ పిల్ల రెండు చేతులూ ఆన్చి లేచి నిలబడేంత ఉంటే చాలు.